సైకిల్ సందేహాలు: కొండ దిగడానికి ఎలాంటి సైకిల్ కొనాలి?

ప్రశ్న: నేను వాంకూవర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వేసవిలో మిత్రులతో విస్లర్ బైక్ పార్కుకు వెళ్లి అద్దె సైకిల్ మీద కొండ దిగడం అలవాటైంది. ఇప్పుడు సొంతంగా ముందూ వెనకా కుదుపులను మింగే అమరిక (ఫుల్ సస్పెన్షన్) ఉన్న ఒక డౌన్‌హిల్ సైకిల్ కొనాలని ఉంది. నా ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, బరువు 74 కిలోలు. 200 మి.మీ. దాకా కుంగే సస్పెన్షన్ ఉన్నదే తీసుకోమని కొందరు, ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే ఎండ్యూరో సైకిల్ సరిపోతుందని మరికొందరు చెబుతున్నారు. కొత్తది కొనాలా, వాడినది కొనాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.
- ఒక పాఠకుడు, వాంకూవర్

జవాబు: సైకిల్ సంగతికి ముందు మీరు కొండపైకి ఎలా చేరుకుంటారన్నది తేలాలి. డౌన్‌హిల్ సైకిల్ తొక్కుకుంటూ ఎక్కడానికి చేసింది కాదు. దాని సీటు బాగా కిందికి ఉంటుంది. వెనక గేర్లు చాలా మోడళ్లలో ఏడే ఉంటాయి, వాటిలో ఎత్తు ఎక్కడానికి పనికొచ్చే పెద్ద పళ్ల చక్రం ఉండదు. బరువు 16, 17 కిలోల దాకా పోతుంది. విస్లర్‌లో మనిషినీ సైకిల్‌నూ లిఫ్టే మోసుకుపోతుంది కాబట్టి అక్కడ ఇవేవీ లోపాలు కావు. అదే వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న మౌంట్ ఫ్రోమ్‌లో గానీ, విస్లర్ దారిలో తగిలే స్క్వామిష్‌లో గానీ దిగాలంటే చాలా బాటలకు ముందు తొక్కుకుంటూ ఎక్కవలసిందే.

మీ ఇంటి నుంచి విస్లర్ దాదాపు 120 కిలోమీటర్లు. పార్కు నడిచేది స్థూలంగా మే మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా. సీజన్ పాసు తీసుకుని, దొరికిన ప్రతి సెలవు రోజూ అక్కడే గడపాలన్నది మీ ఉద్దేశమైతే డౌన్‌హిల్ సైకిల్ నిస్సంకోచంగా కొనండి. ఏడాది పొడవునా అన్నిటికీ ఒకే సైకిల్ ఉండాలనుకుంటే మాత్రం 160 నుంచి 170 మి.మీ. సస్పెన్షన్ ఉన్న ఎండ్యూరో సైకిల్ తీసుకుని, దానికి డౌన్‌హిల్ టైర్లు వేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. విస్లర్‌లోని చాలా బాటలను అది చక్కగా దిగుతుంది.

డౌన్‌హిల్ సైకిల్‌తో అదనంగా దక్కేదేమిటో కూడా చెప్పాలి. ఆగస్టు వచ్చేసరికి పార్కులో ప్రతి మలుపు ముందూ, వందలమంది బ్రేకులు వేసి వేసి, నేల అడ్డంగా గట్లు గట్లుగా తయారవుతుంది. విస్లర్‌లోని గార్బాంజో లిఫ్టు పైచివర బయలుదేరితే ఊళ్లోకి చేరేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు దిగుతాం. అంత దూరమూ ఆ గట్ల మీద ప్రయాణించాక, తక్కువ సస్పెన్షన్ ఉన్న సైకిల్ మీద వేళ్లు బ్రేకు లీవరును నొక్కలేని స్థితికి వస్తాయి, అక్కడి నుంచే ప్రమాదాలు మొదలవుతాయి. 200 మి.మీ. సస్పెన్షన్, హ్యాండిల్ కాండానికి పైనా కిందా రెండు చోట్ల బిగించిన ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), బాగా వాలుగా ఉండే 63 డిగ్రీల ముందు భాగం కలిసి ఆ అలసటను ఎంతో తగ్గిస్తాయి.

చక్రాల విషయానికి వస్తే, ప్రపంచ కప్ పోటీల్లోకి 29 అంగుళాల చక్రాలు ప్రధానంగా 2017లో వచ్చాయి. ఆ ఏడాది స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియమ్‌లో దక్షిణాఫ్రికా రేసర్ గ్రెగ్ మినార్ వాటి మీదే గెలిచాడు. ముందూ వెనకా వేర్వేరు కొలతల చక్రాలకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2019లో అనుమతినిచ్చింది. మీ ఎత్తుకు ముందు 29, వెనక 27.5 ఉన్న సైకిల్ హాయిగా ఉంటుంది. నిటారు వాలులో ఒళ్లు వెనక్కి జరిపినప్పుడు పెద్ద వెనక చక్రం పిరుదులకు రాసుకునే బెడద దీనితో తగ్గుతుంది, మలుపుల్లోనూ సైకిల్ తేలిగ్గా వంగుతుంది.

ఫ్రేము కొలతకు దుకాణంలో సీటు మీద కూర్చుని చూడడం వల్ల ఏమీ తెలియదు, ఎందుకంటే కొండ దిగేటప్పుడు మీరు పెడళ్ల మీద నిలబడే ఉంటారు. తయారీదారు ఇచ్చే పట్టికలో రీచ్ అనే అంకె చూడండి, అంటే పెడళ్ల ఇరుసుకు సరిగ్గా పైనుంచి హ్యాండిల్ కాండం పైభాగం దాకా అడ్డంగా ఉండే దూరం. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి అది 440 నుంచి 465 మి.మీ. మధ్య ఉంటే సాధారణంగా కుదురుతుంది. నార్కో, ట్రెక్, స్పెషలైజ్డ్, కమెన్సాల్ వంటి పేరున్న కంపెనీల మధ్య తేడాల గురించి ఎంతైనా చర్చించవచ్చు గానీ, మీ ఒంటికి కుదరని ఖరీదైన ఫ్రేము కంటే కుదిరిన మామూలు అల్యూమినియం ఫ్రేము ఎప్పుడూ మిన్న.

వెనక షాక్‌కు (వెనక చక్రం కుదుపును మింగే అమరిక) ఉక్కు స్ప్రింగు ఉన్నదే తీసుకోండి. నిర్విరామంగా సాగే దిగుడులో వేడెక్కినా దాని నడత పెద్దగా మారదు. అయితే ఆ స్ప్రింగు మీ బరువుకు తగినదై ఉండాలి. దాన్ని ఇలా పరీక్షించుకోవచ్చు. హెల్మెట్, బూట్లు, రక్షణ కవచాలు అన్నీ తొడుక్కుని, కొండ దిగే భంగిమలో పెడళ్ల మీద నిలబడి, షాక్ రెండు చివర్ల మధ్య దూరాన్ని మిత్రునితో కొలిపించండి. ఖాళీగా ఉన్నప్పటి కొలతతో పోల్చినప్పుడు, 75 మి.మీ. కుంగే షాక్ 22 మి.మీ. అటూ ఇటుగా కుంగి ఉండాలి. అంతకు మించి కుంగుతోందని బిగింపు చక్రాన్ని రెండు చుట్లకు మించి తిప్పవలసి వస్తే, ఆ స్ప్రింగు మీకు చాలదని అర్థం. స్ప్రింగు మార్చడానికయ్యే ఖర్చు సైకిల్ ధరతో పోలిస్తే చాలా స్వల్పం, అయినా ఎక్కువమంది ఈ పని చేయించుకోకుండానే సీజన్ అంతా గడిపేయడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

ఇక కొత్తదా, వాడినదా అన్న ప్రశ్న. సీజన్ ముగిసే రోజుల్లో అద్దె దుకాణాలు తమ సైకిళ్లను అమ్మకానికి పెట్టడం మామూలే. వాటిని కొనడం తప్పు కాదు, కానీ తొందరపడవద్దు. సీటు పట్టుకుని వెనక చక్రాన్ని నేల నుంచి కాస్త లేపి పక్కలకు ఊపండి. టకటకమని కదిలితే కీళ్ల బేరింగులు అరిగినట్టే. ఫోర్కు మెరుపు గొట్టాల మీద గోరు గీసి చూడండి. గోరు ఎక్కడైనా పట్టుకుంటే, ఆ గీత ఆయిల్ సీలును కోస్తూ ఉంటుంది. హ్యాండిల్ కాండం దగ్గరి అతుకులనూ, పెడళ్ల ఇరుసు చుట్టుపక్కలనూ గుడ్డతో శుభ్రంగా తుడిచి, వెలుతురులో పగుళ్ల కోసం వెతకండి. పగులు అనుమానం ఉన్న ఫ్రేమును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. బ్రేకులు నాలుగు పిస్టన్లవి, డిస్కులు కనీసం 200 మి.మీ. ఉండాలి. షిమానో డిస్కు కొత్తగా 1.8 మి.మీ. మందం ఉంటుంది, అది 1.5కు అరిగితే మార్చాలి. ఫోర్కుకు చివరిసారి సర్వీసు ఎప్పుడు చేశారో అడగండి. రాక్‌షాక్స్ ఫోర్కులకు 50 గంటల సవారీకొకసారి కింది కాళ్లు విప్పి నూనె మార్చాలని ఆ కంపెనీయే చెబుతుంది.

ప్రశ్న: నా బరువు 50 కిలోలు. సియాటెల్ నుంచి స్టీవెన్స్ పాస్ బైక్ పార్కుకు వెళుతుంటాను. ఈ మధ్యే కొన్న డౌన్‌హిల్ సైకిల్ చాలా బిరుసుగా ఉంది, చేతులు నొప్పెడుతున్నాయి. సైకిల్ ఎంపికలోనే పొరపాటు జరిగిందా?
- ఒక పాఠకురాలు, సియాటెల్

జవాబు: సైకిల్ మంచిదే అయి ఉండవచ్చు. సాధారణంగా దుకాణం నుంచి వచ్చే స్ప్రింగులు 70, 80 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. ముందుగా వెనక స్ప్రింగు మార్పించి, ఫోర్కులో గాలి తగ్గించండి. ఆ తరువాత, కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే రిబౌండ్ మరను తెరవడం మరచిపోకండి. మెత్తని స్ప్రింగుకు తిరిగి లేచే బలం తక్కువ కాబట్టి, ఆ మర బిగువుగా ఉంటే ఒక గట్టు నుంచి లేవకముందే చక్రం రెండో గట్టును గుద్దుతుంది, సస్పెన్షన్ కుంగినకొద్దీ కుంగిపోయి చివరికి రాయిలా తగులుతుంది. ఒక్కొక్క క్లిక్ తెరుస్తూ అదే బాట మీద మళ్లీ మళ్లీ దిగి చూసుకోండి. బ్రేకు లీవరును కూడా మీ చూపుడు వేలికి అందేలా దగ్గరికి జరిపించుకుంటే చేతుల నొప్పిలో సగం పోతుంది. షాక్ తయారీదారు మీ బరువుకు తగినంత మెత్తని స్ప్రింగు అమ్మకపోతే, గాలితో పనిచేసే షాక్ వేయించుకోవడం మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పాతిక వేల రూపాయల్లో ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్ చూపించి, దానితో అనంతగిరి కొండల్లో డౌన్‌హిల్ చేస్తానంటున్నాడు. కొనిపెట్టవచ్చా?
- ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: దయచేసి కొనవద్దు. ఆ ధరలో వచ్చే సైకిళ్ల వెనక భాగంలో సాధారణంగా ఉట్టి స్ప్రింగు మాత్రమే ఉంటుంది, దాని ఊపును అదుపు చేసే నూనె అమరిక ఉండదు. రాయి మీదికి ఎక్కినప్పుడు కుంగిన స్ప్రింగు అంతే జోరుగా తిరిగి లేచి, మనిషిని హ్యాండిల్ మీదుగా ముందుకు విసిరే ప్రమాదం ఉంది. ఇలాంటి సైకిళ్లలో చాలావాటి ఫ్రేము మీద కొండబాటలకూ గెంతులకూ వాడరాదని కంపెనీయే హెచ్చరిక అంటిస్తుంది, దుకాణంలో ఆ చీటీని వెతికి మీ అబ్బాయి చేతనే చదివించండి. అదే డబ్బుకు వెనక స్ప్రింగు లేకుండా, ముందు మాత్రం మంచి ఫోర్కు, హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు ఉన్న హార్డ్‌టెయిల్ సైకిల్ ఎంచుకోండి. అనంతగిరిలో సైకిళ్లను పైకి మోసే లిఫ్టు లేదు కాబట్టి అతను ఎక్కడం కూడా నేర్చుకోవాలి, అందుకూ అదే అనువైనది. కాస్త డబ్బు మిగిల్చి, గడ్డం దాకా కప్పే హెల్మెట్ కొనండి. అమెరికాలో డౌన్‌హిల్ హెల్మెట్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్1952. ఆ గుర్తు ఉన్న హెల్మెట్ దొరికితే దాన్నే తీసుకోండి.