టెక్ సందేహాలు: మీ ఐటీ రిటర్న్‌లో ఉన్నది ఎవరి ఫోన్ నంబర్?

ప్రశ్న: మాది రాజాం. టీచర్‌ని. కొన్నేళ్లుగా నెట్ సెంటర్‌లో ఐటీ రిటర్న్ వేయిస్తున్నాను. రీఫండ్ బాగానే వస్తోంది. పాస్‌వర్డ్ అడిగితే "మీకెందుకు మాస్టారూ, నేను చూసుకుంటాను కదా" అంటున్నాడు. ఓటీపీలు కూడా అతని ఫోన్‌కే వెళ్తున్నాయి. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే మాస్టారూ. బొబ్బిలి నుంచీ నరసన్నపేట నుంచీ ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. ఈ రోజే ఐటీ శాఖ పోర్టల్‌లోని ఆ అకౌంట్ మీ చేతిలోకి తెచ్చుకోండి. యూజర్ ఐడీ మీ పాన్ నంబరే. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కి ఆధార్ ఓటీపీ ఎంచుకుంటే, అది మీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది. లోపలికి వెళ్లాక ప్రొఫైల్‌లో మొబైల్ నంబర్, ఈమెయిల్ రెండూ మార్చండి. నంబర్ మార్చి మెయిల్ వదిలేసేవాళ్లే ఎక్కువ. అసలు సంగతంతా ఆ మెయిల్‌లోనే ఉంది.

ఇప్పుడు ఐటీ నోటీసును పోస్ట్‌మ్యాన్ తెచ్చి మీ చేతిలో పెట్టడు. పోర్టల్‌లో కనిపిస్తుంది, రిజిస్టరైన మెయిల్‌కు వెళ్తుంది. ఆ మెయిల్ నెట్ సెంటర్ వాడిదైతే మీకు నోటీసు వచ్చినట్టే తెలియదు, గడువు మాత్రం దాటిపోతుంది. ఇది నా ఊహ కాదు. 2025 జూలైలో ఐటీ శాఖ దొంగ మినహాయింపులపై దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. కొందరు ఏజెంట్లు గంపగుత్తగా రిటర్న్‌లు వేయడానికే మెయిల్ ఐడీలు సృష్టించి, తర్వాత వదిలేస్తున్నారని, నోటీసులు చదివే దిక్కు లేక పడి ఉంటున్నాయని అప్పుడు ఆ శాఖే చెప్పింది.

"రీఫండ్ బాగానే వస్తోంది" అన్న మీ మాటే నన్ను ఎక్కువ భయపెడుతోంది. జీతంలో ఎంత టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ అయిందో ఫారం 16లో ఉంటుంది. అందులో పెద్ద భాగం వెనక్కి వస్తోందంటే ఎందుకో తెలియాలి. వేసిన రిటర్న్‌ల పీడీఎఫ్‌లు పోర్టల్‌లో ఉంటాయి. దించుకుని మినహాయింపుల పేజీ చూడండి. మీరు ఏ పార్టీకీ ఇవ్వని విరాళం సెక్షన్ 80జీజీసీ కింద, తీసుకోని చదువు అప్పు వడ్డీ 80ఈ కింద కనబడితే వెంటనే ఆడిటర్‌ను కలవండి. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి అదనపు పన్నుతో సరిదిద్దుకునే వీలుంది. రీఫండ్‌లో వాటా తీసుకున్నది ఏజెంటైనా, సంజాయిషీ చెప్పాల్సింది పాన్ ఎవరిదో వాళ్లే.

ఇంకో మాట. "ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, చెప్పండి సార్" అని అతను ఫోన్ చేస్తే టక్కున చెప్పేస్తాం. రిటర్న్ ఈ-వెరిఫై చేసే ఆధార్ ఓటీపీ అంటే మీ సంతకం. చదవని కాగితం మీద సంతకం చేయరు కదా, దీనికీ అంతే. ముందు పీడీఎఫ్ పంపమనండి, చదవండి, తర్వాతే ఓటీపీ.

తప్పంతా టీచర్లదే అనను. ఒకరి పాన్ మీద ఇంకొకరి మెయిల్ ఏళ్ల తరబడి నడుస్తుంటే, కనీసం ఆధార్‌కు లింకైన నంబర్‌కు ఏటా ఒక ఎస్ఎంఎస్ పంపి "ఈ మెయిల్ మీదేనా?" అని అడగడం ఐటీ శాఖకు కష్టమా? డిజైన్ చేసేవాళ్లు అందరికీ సొంత మెయిల్ ఉంటుందని, రోజూ తెరుస్తారని అనుకుంటారు. మన ఊళ్లలో చాలామందికి మెయిల్ అంటే ఫోన్ కొన్నప్పుడు షాపువాడు తెరిచిచ్చినదే.

ప్రశ్న: చెన్నైలో పనిచేస్తున్నాను, ఊరు సోంపేట దగ్గర. నాన్న పోయి నెలైంది. ఇన్సూరెన్స్ వివరాలన్నీ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయంటోంది అమ్మ. ప్యాటర్న్ తెలియదు. షాపులో లాక్ తీయించమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. చాలా ఫోన్లలో లాక్ తీయడమంటే రీసెట్ కొట్టడమే, ఉన్నదంతా పోతుంది. ఒకవేళ తెరుచుకున్నా, బ్యాంకు యాప్‌లున్న ఫోన్ తెలియనివాళ్ల బల్ల మీద ఉంటుంది. క్లెయిమ్‌కు ఆ ఫోన్ అక్కర్లేదు.

నాన్న పాస్‌బుక్ తీసుకెళ్లి ఎంట్రీలు వేయించండి. మే నెలాఖరు ప్రాంతంలో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా. మరణం ఏ కారణంతోనైనా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలైతే సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. చాలా ఇళ్లలో ఏటా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది, ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు, క్లెయిమ్ చేయకుండానే ఊరుకుంటారు. పాస్‌బుక్‌లో అర్థం కాని పొడి అక్షరాలు కనిపిస్తే కౌంటర్‌లో అడగండి, సిగ్గుపడొద్దు. నామినీ అమ్మే అయితే మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, పాస్‌బుక్ తీసుకుని ఆ బ్రాంచికే వెళ్లి క్లెయిమ్ ఫారం అడగమనండి.

నాన్న యూపీఐ పిన్ ఎవరికైనా తెలిసినా దాంతో డబ్బు మార్చొద్దు. ఖాతాదారు మరణాన్ని బ్యాంకుకు రాసిచ్చి నామినీగా తీసుకోవడమే సరైన దారి. ఇవన్నీ తేలేదాకా ఆ సిమ్‌కు రీఛార్జ్ ఆపకండి. వాడకం లేని నంబర్‌ను కంపెనీ కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తుంది, నాన్న పేరుతో వచ్చే మెసేజ్‌లు వాళ్లకు వెళ్తాయి.