వాడీ రమ్ ముందా పెట్రా ముందా అంటే, ముందు ఎడారికే వెళ్ళండి

మార్చిలో అమ్మగారితో జోర్డాన్ వెళ్తున్నాం, కొండరాతిలో చెక్కిన పాతకాలపు నగరం పెట్రా ముందు చూడాలా వాడీ రమ్ ఎడారి ముందు చూడాలా, ఎడారిలో ఒక రాత్రి సరిపోతుందా అని అడిగారు కదా. నా మాట వింటే ముందు ఎడారి, అదీ రెండు రాత్రులు, ఆ తర్వాతే పెట్రా. చాలామంది పెట్రా చూసేసి టైమ్ మిగిలితే ఎడారి అనుకుంటారు, మేమూ మొదట అలాగే ప్లాన్ వేసుకున్నాం, కానీ పెట్రా దగ్గర రూములు దొరక్క రోజులు అటూ ఇటూ మార్చాల్సొచ్చింది, అలా మారడమే మంచిదయింది.

వాడీ రమ్‌లో మొదటి రాత్రి ఒక పెద్ద క్యాంపులో ఉన్నాం. మంచాలు, వేడినీళ్ళు, వెనక కొండ మీదకి రంగు లైట్లు, పొద్దుపోయేదాకా స్పీకర్లో పాటలు. సౌకర్యానికి ఏ లోటూ లేదు గానీ ఆ లైట్లకి చుక్కలే సరిగా కనపడలేదు. రెండోరోజు మాకు కొండలు చూపించిన బెడూయిన్ (ఎడారి సంచార అరబ్బు తెగ) గైడ్‌ని బయట పడుకోవచ్చా అని అడిగితే, పికప్‌లో బాగా లోపలికి తీసుకెళ్ళి ఒక పెద్ద బండ చూరు కింద పరుపులు వేశాడు, టెంట్ కూడా లేదు. అక్కడ నీళ్ళంటే ఆయన వెంట తెచ్చిన రెండు క్యాన్లే. భోజనాలయ్యాక గిన్నెలన్నీ ఇసుకతోనే బరబరా తోమేసి, దులిపి, చివర్లో ఒక్క గ్లాసు నీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసుకుంటూ అన్నీ కడిగేశాడు, మిగిలిన ఆ కాస్త మురికినీళ్ళు కూడా పక్కనున్న పొద మొదట్లో పోశాడు. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

చలి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పగలు టీషర్ట్ మీద తిరిగిన చోటే తెల్లవారుజామున పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. థర్మల్స్, ఉన్ని టోపీ, మందం సాక్సులు తప్పనిసరి, పొద్దున వేసుకునే బట్టలు, ఫోను స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు, తేళ్ళుంటాయి. అమ్మగారికి ఆరుబయట నిద్ర, బాత్రూమ్ లేకపోవడం కష్టమైతే ఆవిడ కోసం ఒక చిన్న క్యాంపు చూడండి, రాత్రి లైట్లు, పాటలు ఎన్నింటికి ఆపుతారో బుక్ చేసేముందే అడగండి. ఇంకా, జీప్ టూర్‌లో ఖజాలీ ఇరుకులోయ తప్పకుండా పెట్టించండి, లోపల గోడల మీద మనుషుల బొమ్మలు, పాదాల గుర్తులు, పాతకాలం రాతలు చెక్కి ఉంటాయి. వాడీ రమ్ మొత్తంలో 25 వేల రాతిబొమ్మలు, 20 వేల శాసనాలు ఉన్నాయని యునెస్కో లెక్క, 2011లో వారసత్వ జాబితాలోకి చేరింది.

అక్కణ్ణించి పెట్రాకి కారులో దాదాపు రెండు గంటలు. లోపలికి వెళ్ళే దారి సీక్ అని 1.2 కిలోమీటర్ల ఇరుకు సందు, రెండువైపులా నిలువు కొండలు. జనమంతా చివర్లో వచ్చే ఖజ్నా అనే రాతిలో చెక్కిన కట్టడం ఫోటో కోసం గబగబా వెళ్ళిపోతుంటారు, మీరు మాత్రం గోడల కిందిభాగం చూసుకుంటూ నిదానంగా నడవండి. రెండు పక్కలా రాతిలో తొలిచిన నీటి కాలువలు కనిపిస్తాయి, కొన్నిచోట్ల మట్టి గొట్టాలు కూడా ఇంకా ఉన్నాయి. ఐన్ మూసా ఊట నుంచి ఊళ్ళోకి నీళ్ళు అలా తెచ్చుకున్నారు నబతీయులు అనే పాతకాలపు అరబ్బు జాతివాళ్ళు, ఇది వాళ్ళ రాజధాని, వాళ్ళ రాజ్యాన్ని క్రీ.శ. 106లో రోమన్లు కలిపేసుకున్నారు. ఒకచోట గోడ మీద ఒంటెల్ని నడిపించుకొస్తున్న మనిషి శిల్పం ఉంది, పైభాగమంతా అరిగిపోయి మనిషి కాళ్ళు, ఒంటె కాళ్ళు, పొట్ట మాత్రం మిగిలాయి, ఆ ఒంటె వెనక నుంచే కాలువ వెళ్తుంది. ముందురోజు రాత్రి ఆ గ్లాసుడు నీళ్ళు చూసి ఉండకపోతే నేనూ అందరిలాగే దాన్ని దాటి వెళ్ళిపోయేవాణ్ణి, అక్కడ మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ఖజ్నా దాదాపు 40 మీటర్ల ఎత్తు, అద్భుతమే, కానీ ఆ ఊరిని బతికించింది జానెడు వెడల్పు కాలువ.

నీళ్ళతో అక్కడ భయం కూడా ఉంది. 1963లో సీక్‌లోకి ఉన్నట్టుండి వరదొచ్చి ఇరవైమందికి పైగా ఫ్రెంచ్ యాత్రికులు చనిపోయారు, ఆ తర్వాతే సీక్ మొదట్లో ఆనకట్ట మళ్ళీ కట్టారు, నబతీయులు వరదనీళ్ళని పక్కకి మళ్ళించడానికి తొలిచిన సొరంగం కూడా అక్కడే కనపడుతుంది. కాబట్టి వాన సూచన ఉందంటే, టికెట్ డబ్బులు పోయినా సరే, ఆ రోజు లోపలికి వెళ్ళొద్దు.

పెట్రాకి ఒక రోజు సరిపోదు. రాత్రి జోర్డాన్‌లో ఉండేవాళ్ళకి ఒకరోజు టికెట్ 50 దినార్లు, రెండు రోజులది 55, మేం వెళ్ళినప్పటి ధరలివి. అయిదు దినార్ల కోసం చూసుకోకండి. జోర్డాన్ పాస్ బయల్దేరేముందే కొనుక్కుని కనీసం మూడు రాత్రులు ఆ దేశంలో ఉంటే 40 దినార్ల వీసా ఫీజు ఉండదు, పెట్రా టికెట్ కూడా అందులోనే వస్తుంది. గేటు నుంచి ఖజ్నా దాకా అమ్మగారి కోసం ఎలక్ట్రిక్ బండ్లున్నాయి, గాడిదలు, గుర్రాలు మాత్రం వద్దు, వాటి వీపుల మీద పుళ్ళు నేను దగ్గర్నుంచి చూశాను. దైర్ అనే పెద్ద కట్టడానికి 800కి పైగా మెట్లెక్కాలి, రెండోరోజు మధ్యాహ్నం మీరొక్కరే ఎక్కి రండి, అది పడమర ముఖం కాబట్టి ఎండ అప్పుడే దాని మీద పడుతుంది. అమ్మగారు కింద నీడలో టీ తాగుతూ కూర్చోవచ్చు.