రోజూ అవే పండ్లు, అవే కూరలు తింటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 44 ఏళ్లు. రోజూ ఉదయం ఒక అరటిపండు, సాయంత్రం ఒక ఆపిల్ తప్పకుండా తింటాను. కూరల్లో బంగాళదుంప, టమాటా తప్ప మిగతావి నాకు పెద్దగా సహించవు. ఆకుకూరలు దాదాపుగా ముట్టను. ఆ లోటు తీరుతుందనే ఉద్దేశంతో ఏడాదిగా మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. వేరే మందులేవీ లేవు. కొంతకాలంగా మలబద్ధకం ఇబ్బంది పెడుతోంది. ఈమధ్య బీపీ చూపించుకుంటే 134/86 ఉంది. పండ్లు, కూరగాయలు రకరకాలుగా తినాలని అందరూ చెబుతున్నారు. పరిమాణం సరిపోతే చాలదా? రకాలు మార్చడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?
- ఒక పాఠకుడు

జవాబు: రోజూ క్రమం తప్పకుండా పండ్లు తినడం మంచి అలవాటు, దాన్ని మానవద్దు. అయితే మీరు చెప్పిన ఆహారంలో పరిమాణం, వైవిధ్యం రెండూ తక్కువగానే ఉన్నాయి. పెద్దలు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. బంగాళదుంప వంటి పిండిపదార్థం ఎక్కువగా ఉండే దుంపలను ఈ లెక్కలోకి తీసుకోరు. ఒక అరటిపండు, ఒక ఆపిల్ కలిపితే సుమారు 250 గ్రాములు అవుతాయి. కూరలో వేసే కాస్త టమాటాను కలిపినా మీరు 400 గ్రాములకు చేరడం కష్టం. కాబట్టి మీకు ప్రధానంగా లోటు ఉన్నది కూరగాయల విషయంలోనే.

ఇక మీ అసలు ప్రశ్న రకాల గురించి. ఒక పండులో సమృద్ధిగా ఉన్న పోషకం మరో పండులో నామమాత్రంగానే ఉండవచ్చు. అందువల్ల ఒకే పండును రెట్టింపు తిన్నంత మాత్రాన మరో పండు తిననందువల్ల ఏర్పడిన లోటు పూడదు. వైద్యచరిత్రలో ఇందుకు ఒక చక్కని ఉదాహరణ ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధితో బాధపడుతున్న 12 మంది నావికులను ఆరు జతలుగా విభజించి, ఒక్కో జతకు ఒక్కో రకం పదార్థాన్ని ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరిలో ఒకరు ఆరు రోజులకే విధుల్లో చేరగలిగేంతగా కోలుకున్నారు. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసిన పానీయం తాగిన జతలో మాత్రం కొద్దిపాటి మెరుగుదలే కనిపించింది. రెండూ పండ్ల నుంచి వచ్చినవే అయినా, ఆ రోగులకు కావలసిన విటమిన్ సి తగినంతగా ఉన్నది నిమ్మజాతి పండ్లలోనే. ఈ రోజుల్లో స్కర్వీ అరుదు. మీకు అది వస్తుందని నేను అనడం లేదు, కానీ ఒక పండు చేసే పనిని మరో పండు చేయకపోవచ్చన్న విషయం మాత్రం అప్పటికీ ఇప్పటికీ నిజమే.

మీరు తినే అరటిపండులో పొటాషియం, ఆపిల్‌లో పెక్టిన్ అనే కరిగే పీచు చెప్పుకోదగినంత ఉంటాయి. కానీ శరీరం విటమిన్ ఎ గా మార్చుకునే బీటా కెరోటిన్ ఈ రెండింటిలోనూ చాలా తక్కువ. అది క్యారెట్, గుమ్మడి, మామిడి, ముదురు రంగు ఆకుకూరల్లో పుష్కలంగా దొరుకుతుంది. కొత్త కణాలు ఏర్పడటానికి అవసరమైన ఫోలేట్, రక్తం గడ్డకట్టే ప్రక్రియకు కావలసిన విటమిన్ కె, కంటి రెటీనా మధ్యభాగంలో చేరి కాంతి నుంచి రక్షణ కల్పించే ల్యూటిన్ కూడా ఆకుకూరల్లోనే ఎక్కువ. ఆకుకూరలు దాదాపుగా మానేయడమే మీ ఆహారంలో ఉన్న అన్నిటికంటే పెద్ద లోపమని నా అభిప్రాయం. క్యాబేజీ, కాలీఫ్లవర్ జాతి కూరల్లో గంధకంతో కూడిన ప్రత్యేక పదార్థాలుంటాయి, నేరేడు, ద్రాక్ష వంటి ఊదారంగు పండ్లలో ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లుంటాయి. రంగురంగులుగా తినమని వైద్యులు చెప్పడం అందుకే. రంగు మారిందంటే చాలాసార్లు లోపలి పదార్థాలు కూడా మారినట్టే.

మీ బీపీ విషయానికి వస్తే, 134/86 అనేది మందులు మొదలుపెట్టేంత ఎక్కువ కాకపోయినా, ఆహారాన్ని సరిదిద్దుకోవాల్సిన దశ. పొటాషియం శరీరంలోని అదనపు సోడియాన్ని మూత్రం ద్వారా బయటకు పంపడానికి తోడ్పడుతుంది, రక్తనాళాల గోడలు సడలడానికీ ఉపకరిస్తుంది. 1997లో ఫలితాలు వెలువడిన డ్యాష్ అనే అమెరికా అధ్యయనంలో, పండ్లు, కూరగాయలు పెంచిన ఆహారాన్ని ఎనిమిది వారాలు తీసుకున్నవారిలో, మామూలు ఆహారం తీసుకున్నవారితో పోలిస్తే, పై రక్తపోటు సగటున 2.8 పాయింట్లు అధికంగా తగ్గింది. వాటికి తోడు వెన్న తీసిన పాల పదార్థాలను చేర్చి, కొవ్వును తగ్గించినప్పుడు ఆ తగ్గుదల 5.5 పాయింట్లకు చేరింది. ఉప్పు మోతాదును, బరువును మార్చకుండానే ఈ మార్పు రావడం గమనించదగినది. మీరు ఉప్పును కూడా రోజుకు 5 గ్రాముల లోపు ఉంచగలిగితే మరింత మేలు.

మలబద్ధకానికి ఎక్కువగా కారణం పీచు చాలకపోవడమే. కరిగే పీచు నీటిని పీల్చుకుని మలాన్ని మెత్తబరుస్తుంది, కరగని పీచు దాని పరిమాణాన్ని పెంచి పేగుల కదలికను చురుగ్గా ఉంచుతుంది. పెద్దపేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి, పేగు లోపలి పొరలోని కణాలకు అవే ముఖ్యమైన ఇంధనం. ఆ సూక్ష్మజీవుల్లో ఒక్కో రకం ఒక్కో తరహా పీచును వాడుకుంటుంది కాబట్టి, ఇక్కడ కూడా రకాలు మారడం అవసరమే. ఆపిల్‌ను బాగా కడిగి తొక్కతోనే తినండి. అయితే పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం వస్తుంది, అందువల్ల రెండు మూడు వారాల వ్యవధిలో క్రమంగా పెంచుతూ, తగినన్ని నీళ్లు తాగాలి.

మల్టీవిటమిన్ మాత్ర ఈ లోటును తీర్చదని స్పష్టంగా చెప్పాలి. అందులో పీచు ఉండదు, పొటాషియం ఉన్నా నామమాత్రమే. విడిగా తీసిన పోషకం ఆహారంలో ఉన్నప్పటిలాగే పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. ఫిన్లాండ్‌లో సుమారు 29,000 మంది పొగతాగే పురుషులపై జరిగి, 1994లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. సాధారణ మల్టీవిటమిన్ మాత్రలో అంత మోతాదు ఉండదు కాబట్టి మీరు భయపడనవసరం లేదు. గర్భం దాల్చబోయే స్త్రీలకు ఫోలిక్ యాసిడ్ (మాత్ర రూపంలోని ఫోలేట్), పరీక్షలో లోపం తేలినవారికి బి12 లేదా ఇనుము వంటి సందర్భాల్లో మాత్రలు నిజంగా అవసరం. మీకు అలాంటి లోపమేదీ నిర్ధారణ కాకపోతే, ఆ మాత్ర మీద పెట్టే నమ్మకాన్ని భోజనం మీద పెట్టమని కోరుతున్నాను.

ఇష్టం లేని కూరలను బలవంతంగా తినమని నేను చెప్పను, అలా మొదలుపెట్టినవారు చాలామంది కొద్ది రోజులకే మానేస్తారు. మీకు నచ్చే టమాటా కూరలోనే గుప్పెడు పాలకూర తరుగు కలిపి చూడండి. బంగాళదుంప కూర వండినప్పుడు అందులో సగం క్యారెట్, బీన్స్ వేయండి. కొత్త రుచి మొదటిసారే నచ్చకపోవడం సహజం. కొద్దికొద్దిగా పలుమార్లు తింటే నాలుక అలవాటు పడుతుంది. అన్ని రకాలూ ఒకే రోజు తినాలన్న నియమం లేదు, వారం మొత్తంలో రకాలు మారుతూ ఉంటే చాలు. రెండు పండ్లలో ఒకదాన్ని రోజు మార్చి రోజు బత్తాయి, జామ లేదా బొప్పాయిగా మార్చుకోండి. పండును రసం తీస్తే పీచు చాలావరకు పోయి, చక్కెర త్వరగా రక్తంలో చేరుతుంది కనుక పండుగానే తినడం మంచిది.

వండే తీరు కూడా ముఖ్యమే. విటమిన్ సి, ఫోలేట్ నీటిలో కరుగుతాయి, వేడికి తగ్గిపోతాయి. అందువల్ల కూరగాయలను కోయకముందే కడిగి, తక్కువ నీటితో, ఎక్కువసేపు ఉడకనివ్వకుండా వండాలి. టమాటాకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ మాత్రం ఇందుకు భిన్నం. ఇవి వండినప్పుడు, కాస్త నూనె తోడైనప్పుడు శరీరానికి మరింత బాగా అందుతాయి. కాబట్టి కొన్ని పచ్చిగా, కొన్ని వండి తినడమే ఉత్తమం.

ఈ సలహాను అందరూ ఇదే విధంగా పాటించకూడదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, శరీరంలో పొటాషియాన్ని పెంచే బీపీ మందులు వాడేవారు పండ్ల మోతాదును వైద్యుడిని అడిగి నిర్ణయించుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచడం, మానేయడం రెండూ ప్రమాదమే. మూత్రపిండాల్లో ఆక్సలేట్ రకం రాళ్లు ఏర్పడినవారు పాలకూరను తగ్గించుకోవాలి.

మీరు ఇంట్లో ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం కూర్చుని, ఐదు నిమిషాల విశ్రాంతి తర్వాత బీపీ చూసుకుని రాసిపెట్టండి. సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఫిజీషియన్‌ను కలవండి. ఆహారం మార్చిన నెల తర్వాత కూడా మలబద్ధకం తగ్గకపోయినా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, దాన్ని పీచు లోపమని సరిపెట్టుకోకుండా వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.