మార్క మారని బస్తా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, మాది ఏనుమాముల మార్కెట్ దగ్గర చిన్న కోల్డ్ స్టోరేజ్. ఏ రైతువి ఎన్ని మిర్చి బస్తాలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయో చూపించే ప్రోగ్రాం మా తమ్ముడు రాశాడు. పాత కంప్యూటర్‌లో రాకీ లైనక్స్ 9 వేసి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి నడుపుతున్నాం. టెర్మినల్‌లో చేత్తో స్టార్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది, మిషన్ ఆన్ కాగానే దానంతటదే లేచేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెడితే మాత్రం 'పర్మిషన్ డినైడ్', పక్కన 203 అని నంబర్. అందరికీ అన్ని అనుమతులూ ఉండేలా ఫైల్‌కు 777 ఇచ్చాను, లాభం లేదు. ఒక వీడియోలో చూసి 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' కొట్టగానే నడిచింది. తెల్లారి మళ్లీ ఆగిపోయింది. ఎస్‌ఈలైనక్స్ పెద్ద కంపెనీలకే అవసరం, మనకెందుకు, పూర్తిగా తీసేద్దాం అంటున్నాడు తమ్ముడు. తీసేయొచ్చా?
– కాశిబుగ్గ, వరంగల్

జవాబు: తీసేయొద్దు, తమ్ముడికి నా మాటగా చెప్పండి. ఎస్‌ఈలైనక్స్ అంటే ఏ ప్రోగ్రాం దేన్ని ముట్టుకోవచ్చో చూసే లైనక్స్ కాపలా. ఆయన జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అందులో నడుస్తున్నది కూడా ఇదే, 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్ మొత్తానికీ ఎన్‌ఫోర్సింగ్‌లోనే (రూలు తప్పితే ఆపే పద్ధతిలో) ఉంది. అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ వాళ్లు తయారుచేసి 2000 డిసెంబర్‌లో అందరికీ విడుదల చేశారు, 2003లో 2.6 కెర్నెల్‌తోపాటు లైనక్స్‌లో కలిసిపోయింది. పాతదే, కొత్త తలనొప్పేం కాదు.

తెల్లారి ఎందుకు ఆగిందంటే, రాత్రి కరెంటు పోయి వచ్చి ఉంటుంది. 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' అంటే కాపలా ఎవరినీ ఆపకుండా చేయడం, అది రీబూట్ అయ్యేదాకే. మిషన్ మళ్లీ లేచినప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో ఏముందో అదే చూసుకుంటుంది, అందులో ఎన్‌ఫోర్సింగ్ అని ఉంది.

ఇక 777 సంగతి. ఫైల్ పర్మిషన్ అంటే బస్తా సొంతదారు చెప్పే మాట. రైతు వచ్చి 'నా బస్తాలు ఎవరైనా తీసుకుపోండి' అన్నాడనుకోండి, అయినా మీ గేటు దగ్గరున్న మనిషి గేట్ పాస్ లేకుండా ఒక్క బస్తా బయటికి పోనిస్తాడా? ఎస్‌ఈలైనక్స్ ఆ గేటు మనిషి. సొంతదారు ఒప్పుకోవాలి, గేటూ ఒప్పుకోవాలి, రెండూ అయితేనే పని అవుతుంది. కాబట్టి 777 వల్ల ఈ గొడవ తీరలేదు సరికదా, మొదటి తలుపు ఊరికే బార్లా తెరిచిపెట్టినట్టయింది. ముందు అది 755కి (రాసే హక్కు సొంతదారుకే) మార్చండి.

అసలు కారణం లాగ్‌లో ఉంటుంది, చాలామంది అక్కడికే పోరు. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.) సర్వీస్‌ను ఒకసారి స్టార్ట్ చేసి, అది ఫెయిల్ కాగానే 'ఏయూసెర్చ్ హైఫన్ ఎం ఏవీసీ హైఫన్ టీఎస్ రీసెంట్' అని కొట్టండి. వచ్చే లైన్ పొడుగ్గా ఉంటుంది, భయపడకండి, అందులో మూడే చూడాలి: ఎస్‌కాంటెక్స్ట్ అంటే అడిగింది ఎవరు, టీకాంటెక్స్ట్ అంటే దేన్ని అడిగారు, మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్నది ఏం చేయబోయారు. మీ కేసులో అడిగింది 'ఇనిట్ అండర్‌స్కోర్ టీ', అంటే సిస్టమ్‌డీ. అడిగిన ఫైల్ మీద 'యూజర్ హోమ్ టీ' అనే లేబుల్, చేయబోయిన పని ఎగ్జిక్యూట్. ఇలాగే ఉంటుందని చూడకుండానే ఎలా చెబుతున్నానంటే, తమ్ముడు ప్రోగ్రాంను తన హోమ్ ఫోల్డర్‌లో రాసి, తర్వాత 'ఎంవీ' కొట్టి ఆప్ట్ ఫోల్డర్‌లోకి జరిపి ఉంటాడు. అందరూ చేసేదే, నేనూ చేశాను.

ఇది మీకు ఇట్టే అర్థమవుతుంది. ఒకటో ఛాంబర్‌లోని బస్తాను హమాలీలు మూడో ఛాంబర్‌కి మోస్తే దాని మీద రంగుతో వేసిన మార్క మారుతుందా? మారదు. 'ఎంవీ' కూడా అంతే, ఫైల్ జాగా మారింది గానీ లేబుల్ పాతదే. అదే 'సీపీ' (కాపీ) అయితే కొత్త బస్తాలోకి తిరగబోసినట్టు, కొత్త చోటుకు తగ్గ మార్క పడుతుంది. చేత్తో స్టార్ట్ చేస్తే నడవడానికి కారణం, లాగిన్ అయిన మనిషికి మామూలుగా ఈ కట్టడి ఉండదు. సిస్టమ్‌డీకి ఉంటుంది, ఎవరి ఇంట్లోనో ఉన్న ప్రోగ్రాంను అది నడపకూడదని రూలు.

మందు ఒక్కటే కమాండ్. ప్రోగ్రాంను ఆప్ట్ కింద మీ ఫోల్డర్‌లో 'బిన్' అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి, పెట్టి 'రీస్టోర్‌కాన్ హైఫన్ ఆర్‌వీ' అని, ఆర్ మాత్రం పెద్దక్షరం, పక్కన ఫోల్డర్ దారి ఇవ్వండి. ఆ చోట ఉండాల్సిన లేబుల్ ఏదో పాలసీకి (గేటు మనిషి దగ్గరి రూల్స్ పుస్తకానికి) ముందే తెలుసు, 'బిన్ టీ' వేసేస్తుంది. సర్వీస్ లేస్తుంది.

లేచాక ఇంకో అడ్డం వస్తుంది, ఇప్పుడే చెబుతున్నాను: బ్రౌజర్‌లో 502 ఎర్రర్, అంటే ఎన్‌జిన్‌ఎక్స్ వెనకున్న మీ ప్రోగ్రాంను అందుకోలేకపోయింది. ఎన్‌జిన్‌ఎక్స్‌కు వేరే పోర్టుకు కనెక్ట్ అయ్యే అనుమతి మొదట్లో ఉండదు. 'సెట్‌ఎస్‌ఈబూల్ హైఫన్ పి', పి పెద్దక్షరం, తర్వాత 'హెచ్‌టీటీపీడీ కెన్ నెట్‌వర్క్ కనెక్ట్ ఆన్'. మాటల మధ్య అండర్‌స్కోర్లు మరిచిపోకండి, ఆ పెద్ద పి మరిచిపోతే మళ్లీ కరెంటు పోయిన రోజు ఇదే కథ. నిజానికి ఇది కాస్త పెద్ద తలుపు, ఎన్‌జిన్‌ఎక్స్‌ను ఏ టీసీపీ పోర్టుకైనా పోనిస్తుంది. మీ ప్రోగ్రాంను 8080 పోర్టుకు మార్చగలిగితే 'కనెక్ట్' బదులు 'రిలే' అని ఉన్న చిన్న స్విచ్ చాలు, నేనైతే అదే చేస్తాను.

స్లిప్పుల ఫోటోలు వేరే ఫోల్డర్‌లో పెట్టి నేరుగా ఎన్‌జిన్‌ఎక్స్‌తో చూపించాలనుకుంటే, ఆ ఫోల్డర్‌కు 'సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్'తో 'హెచ్‌టీటీపీడీ సిస్ కంటెంట్ టీ' అని రాయించి, ఆ తర్వాత రీస్టోర్‌కాన్ కొట్టాలి. 'సీహెచ్‌కాన్'తో కూడా అవుతుంది గానీ అది సుద్దముక్కతో రాసిన మార్క, ఎప్పుడో ఒకసారి రీలేబుల్ చేస్తే చెరిగిపోతుంది.

ఇప్పుడు అందరూ ఎగబడే 'ఆడిట్‌టూఅలౌ' గురించి. లాగ్‌లో ఏవేవి వద్దన్నారో అవన్నీ ఒప్పుకుంటూ మాడ్యూల్ తయారుచేసి ఇచ్చేస్తుంది. మీ కేసులో అది కొట్టి ఉంటే ఏమయ్యేది? లేబుల్ తప్పు అలాగే ఉండేది, పైగా హోమ్ ఫోల్డర్లలో ఉన్న ఏ ప్రోగ్రాంనైనా సిస్టమ్‌డీ నడపొచ్చని రూలు రాసినట్టయ్యేది. ఒక బస్తా మార్క తప్పు పడిందని గేటు రూలు మార్చుకుంటామా? ముందు లేబుల్ చూడాలి, తర్వాత స్విచ్‌లు, తర్వాత పోర్టులు. ఈ మూడింట్లో దేనితోనూ తెగకపోతేనే కొత్త రూలు. అప్పుడు కూడా అది రాసిచ్చిన లైన్లు చదవకుండా ఎక్కించొద్దు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఇదంతా చేశాక మీ సర్వీస్ నడుస్తుంది కానీ 'అన్‌కన్‌ఫైన్డ్ సర్వీస్ టీ' అనే పేరుతో నడుస్తుంది, అంటే దానిమీద పెద్దగా కాపలా లేదు. రైతుల ఆధార్ కాపీల్లాంటివి అందులో దాస్తుంటే దానికి సొంత పాలసీ రాయడం మంచిది. 'సెపాలసీ జెనరేట్' కమాండ్‌కు 'ఇనిట్' ఆప్షన్, ప్రోగ్రాం దారి ఇస్తే మొదటి డ్రాఫ్ట్ అదే రాసిస్తుంది, ఎక్కించడానికి ఒక స్క్రిప్ట్‌తో సహా ('పాలసీకోర్‌యూటిల్స్ డెవెల్' ప్యాకేజీ వేసుకోవాలి). ఆ డ్రాఫ్ట్‌లో మీ సర్వీస్ ఒక్కటే పర్మిసివ్‌గా ఉంటుంది, తప్పులను రాసుకుంటుంది గానీ ఆపదు. మిషన్ మొత్తం ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది, 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0'కూ దీనికీ తేడా అదే. అలా కొన్ని వారాలు నడిపి, లాగ్ చూసి రూల్స్ కలుపుకుంటూ పోయి, చివరికి ఆ పర్మిసివ్ లైన్ తీసేయండి. తొందరపడి సీజన్ మధ్యలో తీయకండి సుమా, అద్దె బిల్లు ప్రింట్ చేయడం, బ్యాకప్ తీయడం లాంటి అరుదైన పనులు కూడా ఒక్కసారైనా జరిగి ఉండాలి.

ప్రశ్న: సార్, మా ల్యాబ్‌లో ఉబుంటు. మైఎస్‌క్యూఎల్ డేటా ఫోల్డర్‌ను కొత్త డిస్క్‌లోకి మార్చాక స్టార్ట్ కావట్లేదు. పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరు చెప్పే సెమేనేజ్ ఇక్కడ పనిచేయడం లేదు.
– కరీంనగర్

జవాబు: పనిచేయదు, ఉబుంటులో గేటు మనిషి వేరు, పేరు ఆప్‌ఆర్మర్. ఇతను మార్క చూడడు, ఫైల్ ఉన్న దారి చూస్తాడు. దారి మారింది కాబట్టి ఆపాడు. 'ఈటీసీ'లో 'ఆప్‌ఆర్మర్ డాట్ డి' అనే ఫోల్డర్, అందులో 'లోకల్', అందులో మైఎస్‌క్యూఎల్‌డీ పేరున్న ఫైల్‌లో కొత్త దారికి రెండు లైన్లు కలపండి: ఫోల్డర్‌కు చదివే అనుమతి, దాని లోపలి వాటికి చదవడం, రాయడం, లాక్ చేయడం. లైన్ చివర కామా తప్పనిసరి, సగం మంది అక్కడే పడతారు. ప్రొఫైల్‌ను మళ్లీ లోడ్ చేసి సర్వీస్ స్టార్ట్ చేయండి.

ప్రశ్న: రెండేళ్లుగా మా సర్వర్‌లో ఎస్‌ఈలైనక్స్ డిసేబుల్ చేసి ఉంది. ఇప్పుడు ఆడిట్ వాళ్లు ఆన్ చేయమన్నారు. ఈ రాత్రే ఎన్‌ఫోర్సింగ్ పెట్టి రీబూట్ చేద్దామనుకుంటున్నా, టెన్షన్‌గా ఉంది.
– గోదావరిఖని

జవాబు: టెన్షన్ పడటం న్యాయమే, అలా చేయకండి. డిసేబుల్‌లో ఉన్న ఈ రెండేళ్లలో పుట్టిన ఫైళ్లకు లేబులే లేదు, లాగిన్ కూడా కాలేని స్థితి రావచ్చు. కాన్ఫిగ్‌లో పర్మిసివ్ అని పెట్టండి, బూట్ అయ్యేటప్పటి కెర్నెల్ లైన్‌లో 'ఎస్‌ఈలైనక్స్ ఈజ్ ఈక్వల్ టు 0' ఉంటే తీసేయండి, రూట్‌లో (ఒక్క స్లాష్ ఉన్న మొదటి ఫోల్డర్‌లో) 'డాట్ ఆటోరీలేబుల్' అనే ఖాళీ ఫైల్ చేసి రీబూట్ కొట్టండి. డిస్క్ పెద్దదైతే చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆగిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కొద్దు. తర్వాత ఒకటి రెండు వారాలు రోజూ పొద్దున ఏవీసీ (వద్దన్న వాటి) లాగ్ చూసి, కొత్తవి రావడం ఆగాకే ఎన్‌ఫోర్సింగ్. ఆడిట్ వాళ్లకు ఈలోపు పర్మిసివ్‌లో ఉందని చెప్పి తేదీ అడగండి, ఇస్తారు.