క్యామ్రీ కొనబోతున్న మేనల్లుడికి: పేరు కాదు, పదో అక్షరం చూడు

చి. శ్రీకర్‌కి,

మామయ్య ఆశీస్సులు. సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నావని, అదీ టయోటానే కావాలంటున్నావని మీ అమ్మ చెప్పింది. "టయోటా అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు" అన్నావట. అలా కళ్లు మూసుకుని వచ్చేవాళ్ల కోసమే డాలస్ చుట్టూ సగం కార్ల లాట్లు తెరిచి పెట్టుకున్నారు. అందుకే ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నీ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. తిరుపతి ప్రయాణానికి క్వాలిస్, పెళ్లికి ఇన్నోవా. మన ట్రావెల్స్ వాళ్ల దగ్గర మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవా అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆ పాత ఇన్నోవా విడి ఛాసిస్ మీద బాడీ బిగించిన డీజిల్ బండి, తిరిగేది వెనక చక్రాలు. నువ్వు చూస్తున్న క్యామ్రీ పెట్రోలు బండి, విడి ఛాసిస్ లేదు, తిరిగేది ముందు చక్రాలు. ముందున్న కంపెనీ బొమ్మ ఒకటే తప్ప రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇన్నోవా సంపాదించిన పేరు క్యామ్రీ ఇంజిన్‌లో ఆయిల్ పొయ్యదు.

అమెరికాలో ఆ పేరు ఊరికే రాలేదు, అది ఒప్పుకోవాలి. ఆ కుటుంబం మొదట చేసింది మగ్గాలు. సకిచి టయోడా మరమగ్గంలో దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేది, గుడ్డ పాడయ్యేది కాదు. ఆయన కొడుకు కీచిరో 1937లో కార్ల కంపెనీ పెట్టాడు. తరవాత ఫ్యాక్టరీలోకీ అదే పద్ధతి వచ్చింది: పనివాడికి తేడా కనిపిస్తే తాడు లాగుతాడు, సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. అయినా అమెరికాలో మొదటి అడుగే తడబడింది. 1958లో ఇక్కడ అమ్మిన టయోపెట్ క్రౌన్ కార్లు 287. జపాన్ రోడ్లకి చేసిన బండి ఇక్కడి హైవే ఎక్కితే లాగలేకపోయింది. దాన్ని మానేసి, ఇక్కడి వేగాలకి తగ్గ ఇంజిన్‌తో 1965లో కరోనా తెచ్చారు (ఆ పేరుతో మనకి ఇప్పుడు వేరే జ్ఞాపకాలున్నాయనుకో). 1968లో కరోలా వచ్చింది, 1973లో గ్యాస్ కరువొచ్చింది, ఆ తరవాత వెనక్కి చూసుకోలేదు.

దీంట్లో నీకు డబ్బులు మిగిల్చే ముక్క ఒకటుంది. ప్రతి కారుకీ విన్ అని 17 అక్షరాల గుర్తింపు నంబరుంటుంది. "విన్ నంబరు జె తో మొదలైతే జపాన్ తయారీ, అదే గట్టిది" అని చెప్పి అమ్మకందారు రేటు పెంచుతాడు. నమ్మకు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వాళ్లు మూసేసిన ఫ్యాక్టరీని 1984లో ఆ కంపెనీతో కలిసి టయోటా మళ్లీ తెరిచింది. ఎక్కువమంది పాత పనివాళ్లే. పద్ధతి మార్చితే అదే చేతుల్లోంచి మంచి కార్లొచ్చాయి. క్యామ్రీలు 1988 నుంచి కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతున్నాయి. 4టీ1 తో మొదలయ్యేవి ఇక్కడివే. ఏ దేశంలో చేశారన్న దానికి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు.

చూడాల్సింది విన్‌లో పదో అక్షరం. ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు ఉంటుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీదా ఉంటుంది. రెండూ కలవాలి. 9 అంటే 2009 మోడల్, ఏ అంటే 2010, బి 2011, సి 2012, అలా ముందుకి. ఇది ఎందుకింత ముఖ్యమో చెప్తాను.

2007 నుంచి 2009 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల క్యామ్రీలో 2.4 లీటర్ల ఇంజిన్, 2ఏజెడ్-ఎఫ్‌ఈ అంటారు. దాని పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ తిరిగి కిందికి దిగాల్సిన రంధ్రాలు మసి పట్టి పూడుకుపోతాయి. ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది. 1,200 మైళ్లకి ఒక క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ) మించి తాగుతుంటే రిపేరు చేస్తామని టయోటానే వారంటీ పొడిగించి పిస్టన్లూ రింగులూ మార్చింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు లెక్క వేసుకో. ఇంజిన్‌లో పట్టేది సుమారు నాలుగున్నర క్వార్టులు. 1,200 మైళ్లకి ఒక క్వార్టు చొప్పున పోతే, 5,000 మైళ్లకి ఆయిల్ మార్చే మనిషి బండిలో ఆ సమయానికి దాదాపు ఏమీ మిగలదు. ఎర్ర దీపం వెలిగేసరికి బేరింగులు అరిగిపోయి ఉంటాయి. 2010 మోడల్ నుంచి 2.5 లీటర్ల 2ఏఆర్-ఎఫ్‌ఈ వచ్చింది, ఆ రోగం దీనికి లేదు. బయటికి రెండు కార్లూ దాదాపు ఒకటే. అందుకే 2009లో కొన్న 2009 మోడల్‌ని "2010 అనుకోండి" అంటూ అమ్ముతారు. పదో అక్షరం 9 అయితే, పిస్టన్లు మార్చిన బిల్లు చేతిలో పెడితే తప్ప, దణ్ణం పెట్టి వచ్చెయ్. బానెట్ కింద అతికించిన పొగ నియంత్రణ స్టిక్కర్ మీద ఇంజిన్ లీటర్లు అచ్చువేసి ఉంటాయి, అదీ చూసుకో.

నీ బడ్జెట్‌కి 2012 నుంచి 2017 మధ్య క్యామ్రీ సరిపోతుంది, లేదా 1.8 లీటర్ల కరోలా. 2012–14 క్యామ్రీలో ఒకటి గమనించు: గంటకి 30–45 మైళ్ల మధ్య, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, చిన్న గతుకుల మీద పోతున్నట్టు గరగరలాడితే అది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే భాగం). టైర్లదని అమ్మేవాడు చెప్తాడు. టైర్లదైతే కాలు తీసినా ఉంటుంది, ఇది పోతుంది.

చూడ్డానికి పగలే వెళ్లు. ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్టింగ్‌లో దాచాల్సిందేదో ఉందన్నమాట. స్టార్ట్ చెయ్యకముందే డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడు. కింది గీత దగ్గరుంటే ఆ మనిషి ఆయిల్ పట్టించుకోడు. ఆయిల్ మూత తీసి లోపల టార్చ్ వెయ్యి: తేనె రంగు పర్లేదు, నల్లటి గడ్డ ఉంటే వద్దు. తరవాత బెల్టు వైపు, వాటర్ పంప్ పుల్లీ చుట్టూ చూడు. టయోటా కూలెంట్ గులాబీ రంగు. పంపు కారుతుంటే అది ఎండి గులాబీ పొడిలా పేరుకుంటుంది. 2.5 ఇంజిన్‌లో ఇది తరచూ కనిపించేదే. కారు వదులుకోవాల్సినంత కాదు, కానీ పంపు మార్చే ఖర్చు బేరంలో తగ్గించు.

స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఆగి, ఒకసారి రేజ్ చేసి వెనక పొగ చూడు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఏసీ పూర్తిగా పెట్టి పది నిమిషాలు వదిలెయ్. ప్రయాణికుడి వైపు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడు. నవ్వకు, 2013లో 2012–13 క్యామ్రీలని టయోటా రీకాల్ చేసింది సాలెగూళ్ల వల్ల. ఏసీ నీళ్లు పోయే గొట్టానికి సాలీడు గూడు కడితే ఆ నీళ్లు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ పెట్టె మీద పడేవి.

ఇరవై ముప్పై డాలర్ల ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కో, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదువుతుంది. కోడ్లు లేకపోవడం ఒక్కటే చాలదు. 'రెడీనెస్ మానిటర్లు' చూడు, కారు తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అవి చెప్తాయి. ఒకటికి మించి 'నాట్ రెడీ' అని ఉంటే, నువ్వొచ్చే ముందే కోడ్లు చెరిపేశారని అనుమానించు. అలాగే తీసుకుంటే డాలస్ పక్కనున్న కాలిన్ కౌంటీ ఎమిషన్ (పొగ) పరీక్షలోనూ తిప్పి పంపిస్తారు. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి బ్రేకులు, టైర్లు ఎవరో చూసి ఉంటారనుకోకు. టైరు పక్కన డాట్ అని ఉన్న వరసలో చివరి నాలుగంకెలు: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే ట్రెడ్ ఉన్నా కొత్త టైర్ల ఖర్చు లెక్కలోకి వెయ్యి.

సీట్ బెల్టులన్నీ చివరిదాకా లాగు. వరదలో మునిగిన కారుని ఎంత కడిగినా బెల్టు చివర బురద గీత మిగిలిపోతుంది. హ్యూస్టన్ వరద కార్లు ఇటు వస్తూనే ఉంటాయి. సెంటు వాసన ఘాటుగా ఉంటే డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూడు.

డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తి చూడు. 2009–10లో టయోటా పరువు తీసింది ఇదే. మ్యాట్ ముందుకి జరిగి యాక్సిలరేటర్ దానికి చిక్కుకోవడం ఒకటి, పెడల్ బిగుసుకోవడం ఇంకొకటి. లక్షల కార్లు వెనక్కి పిలిచారు. 2010 ఫిబ్రవరిలో కంపెనీ అధ్యక్షుడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని సంజాయిషీ ఇచ్చాడు. ఎలక్ట్రానిక్స్ తప్పు కాదని 2011లో ప్రభుత్వం, నాసా కలిసి తేల్చినా, లోపాల గురించి జనానికి సరిగ్గా చెప్పనందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టారు. నీ వరకు పని చిన్నదే: ఒకటే మ్యాట్ ఉండాలి, నేల మీది కొక్కేలకి తగిలించి ఉండాలి, దాని మీద ఇంకో రబ్బరు మ్యాట్ వెయ్యకూడదు.

ఇంటికొచ్చాక 17 అక్షరాల విన్ నంబరు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టు, ఉచితం. పాత కరోలా, మ్యాట్రిక్స్‌ల మీద టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది. వేడికీ ఉక్కకీ లోపలి మందు పాడై, పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మొహానికి తగులుతాయి. మన టెక్సస్‌లో వేడి సంగతి నేను చెప్పనక్కర్లేదు. 2018–19 కార్లలో ఇంధన పంపు రీకాల్ ఉంది. రీకాల్ పని డీలర్ డబ్బు తీసుకోకుండా చేస్తాడు, అది పూర్తయ్యాకే కొను.

డబ్బు మరీ తక్కువ పడితే పాంటియాక్ వైబ్ వెతుకు. ఫ్రీమాంట్‌లోనే చేశారు, టయోటా మ్యాట్రిక్స్‌కి కవల. జనరల్ మోటార్స్ పాంటియాక్ పేరుతో కార్లు చెయ్యడం మానేసింది కాబట్టి బొమ్మకి విలువ లేదు, లోపల ఇంజిన్ టయోటాదే. 1.8 లీటర్లదే తీసుకో. 2009, 2010 వైబ్‌లలోని 2.4 పైన చెప్పిన ఆ ఆయిల్ తాగే ఇంజినే. టకాటా సంగతి దీనికీ చూసుకో. బొమ్మ చూసి మనవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

నచ్చాక, అమ్మకందారుకి సంబంధం లేని మెకానిక్‌కి నూటయాభై డాలర్లిచ్చి లిఫ్ట్ ఎక్కించి చూపించు. ఒప్పుకోని వాడి దగ్గర కొనొద్దు. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద పేరు, అమ్మేవాడి డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరు ఒకటే కావాలి. "మా ఫ్రెండ్‌ది" అన్నాడంటే లైసెన్స్ లేకుండా వ్యాపారం చేసే మనిషి. 'రీబిల్ట్ సాల్వేజ్' (బాగా పాడైపోయాక మళ్లీ బాగుచేసిన బండి) అని ఉంటే నాకు ఫోన్ కూడా చెయ్యకు. లీన్ (అప్పిచ్చినవాళ్ల హక్కు) గడిలో బ్యాంకు పేరుంటే, అప్పు తీరినట్టు కాగితం చూపించాలి. డబ్బు చేతికిచ్చి విడిపోవద్దు. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకెళ్లి 130-యూ ఫారం ఇచ్చి, అక్కడే టైటిల్ మార్పించుకోండి. పన్ను 6.25 శాతం. రేటు తక్కువ రాయమని అతను అడిగినా రాయకు, ట్యాక్స్ ఆఫీసు వాళ్ల దగ్గర ఆ కారుకి సొంత విలువ ఉంటుంది, రాసిన రేటు దాంట్లో 80 శాతానికి తగ్గితే ఆ 80 శాతం మీదే పన్ను కట్టించుకుంటారు. ఇన్సూరెన్స్ మాత్రం తాళం చేతికి రాకముందే తీసుకో.

కొన్న వారంలో ఇంజిన్ ఆయిల్ మార్పించు, జీరో డబ్ల్యూ 20 సింథటిక్. టయోటా 10,000 మైళ్లు అంటుంది, నువ్వు 5,000కే మార్చు. క్యామ్రీ అయితే, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చక్కర్లేదన్న మాట వినకు, 60,000 మైళ్లకి ఒకసారి టయోటా వాళ్ల డబ్ల్యూఎస్ రకం ఆయిల్‌తో మార్పించు. ఈ గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ వేడి కొలిచి లెవెల్ పెట్టాలి. కాబట్టి పది నిమిషాల ఆయిల్ షాపులో కాదు, టయోటా తెలిసిన మెకానిక్ దగ్గర. పాత బండి కదా, మొదటి రెండు నెలలు రెండుసార్లు గ్యాస్ కొట్టిస్తే ఒకసారి డిప్‌స్టిక్ చూసి, గీత ఎక్కడుందో మైళ్లతో సహా ఫోన్లో రాసుకో. తగ్గుతూ పోతుంటే ఆ అంకెలు నాకు పంపు.

మామయ్య