ఊరి మీదుగా జెట్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విశాఖపట్నం శివారు పల్లెల నుంచి కొంతకాలంగా ఒకే విషయం మీద ఉత్తరాలు వస్తున్నాయి. తక్కువ ఎత్తులో వెళ్లే నౌకాదళ విమానాల చప్పుడుతో ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు, పశువులు పడే ఇబ్బందిని వాటిలో రాశారు. ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాది కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. పొలంలోనే ఇల్లు కట్టుకున్నాం. కొన్ని రోజుల్లో నేవీ జెట్లు మా ఇంటి మీదుగా ఎంత కిందుగా వెళతాయంటే, నెత్తి మీద చప్పుడు పడేదాకా అవి వస్తున్నట్టే తెలియదు. మా నాలుగు నెలల మనవడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మా అత్తగారు గుండె జబ్బుకు మందులు వాడుతున్నారు. అంత కిందుగా ఎందుకు ఎగరాలి? పసివాడి చెవులకు ప్రమాదం ఉందా?
– ఒక పాఠకురాలు, పెందుర్తి మండలం

సమాధానం: అమ్మా, మీ ఆందోళన ఎక్కువగా పసివాడి గురించే కనుక ముందు ఆ సంగతి చెబుతాను. వినికిడికి శాశ్వతంగా హాని కలగడమన్నది శబ్దం ఎంత పెద్దదన్న దానితో పాటు ఎంతసేపు కొనసాగిందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. కార్మికుల చెవుల రక్షణకు వాడే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెళ్లకు ఆ సమయం సగమవుతూ, 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలకు, 115 దగ్గర అర నిమిషం లోపుకు వస్తుంది. ఇది పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క. పిల్లల విషయంలో, ఒక్కసారిగా వచ్చి పడే శబ్దం గరిష్ఠంగా 120 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. కొన్ని సెకన్లలో దాటిపోయే జెట్ వల్ల, అందులోనూ గోడల మధ్య పడుకున్న బిడ్డకు, వినికిడి దెబ్బతినే అవకాశం చాలా తక్కువ. తొలి నెలల్లో పెద్ద శబ్దానికి చేతులు చాచి ఉలిక్కిపడటం జబ్బు కాదు, నాడీ వ్యవస్థ సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ లక్షణం సాధారణంగా ఆరు నెలల లోపు తగ్గిపోతుంది. అయితే ఆ వయసు దాటుతున్నా పిలిచినప్పుడు, గిలక ఆడించినప్పుడు బిడ్డ తల తిప్పి చూడకపోతే, కారణం ఏదైనా సరే, ఆలస్యం చేయకుండా నగరంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. చెవుల్లో దూది పెట్టడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు, అది లోపలికి జారిపోయే ప్రమాదం కూడా ఉంది. ఊయలను రేకుల వసారాలో కాకుండా గోడలు మందంగా ఉన్న లోపలి గదిలో వేయడం మేలు, ఎందుకంటే రేకులు చప్పుడును ఆపవు సరికదా తామూ కంపించి దాన్ని పెంచుతాయి.

మీ అత్తగారి విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం గుండె వేగాన్ని, రక్తపోటును కాసేపు పెంచుతుంది. ఆరోగ్యవంతులకు అది వెంటనే సర్దుకుంటుంది. గుండె జబ్బు ఉన్నవారు ఈ సంగతి వైద్యుడికి చెప్పి, చప్పుడు తరువాత ఛాతీలో నొప్పి గాని దడ గాని తగ్గకుండా ఉంటే ఏం చేయాలో ముందే రాయించుకోవాలి. వైద్యుడికి చెప్పుకోవడానికి ఇదేం చిన్న విషయమని మొహమాట పడవద్దు.

ఇక ఎందుకు అంత కిందుగా అన్న ప్రశ్న. ఇందులో కలిసిపోయిన రెండు విషయాలను విడదీసి చూడాలి. మొదటిది, రాకపోకలు. విశాఖ విమానాశ్రయం రన్‌వే నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాది. ఆ స్థావరం 1991లో ఏర్పడింది. 2013 నవంబరులో హాక్ శిక్షణ జెట్లు అక్కడే నౌకాదళంలో చేరాయి. విన్యాసాల సమయంలో మిగ్-29కె యుద్ధ విమానాలు కూడా వస్తుంటాయి. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వేకు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాని ఎత్తు దాదాపు 520 మీటర్లు, 5 కిలోమీటర్ల దూరంలో 260 మీటర్లు. మీ ఊరు ఆ దారిలో ఉంటే విమానం కిందుగా రావడం తప్పదు. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి కనుక, పడమటి గాలి వీచే రోజుల్లో అవి పూర్తి శక్తితో పడమటి పల్లెల వైపే లేచి వెళతాయి. ఒకే జెట్ మళ్లీ మళ్లీ తిరిగి వస్తున్నట్టు అనిపిస్తే, అది బహుశా దిగీ దిగగానే మళ్లీ లేచే అభ్యాసం కావచ్చు. కదిలే ఓడ మీద దిగవలసిన పైలట్లకు ఆ అభ్యాసం ప్రాణాధారం.

రెండవది, యుద్ధ శిక్షణలో భాగంగా కావాలనే కిందుగా ఎగరడం. రాడార్ చూపు దాదాపు సరళరేఖలో సాగుతుంది, భూమి గుండ్రంగా ఉంటుంది. 25 మీటర్ల ఎత్తున్న రాడార్ పది వేల మీటర్ల ఎత్తులో వస్తున్న విమానాన్ని 430 కిలోమీటర్ల నుంచి చూడగలిగితే, 100 మీటర్ల ఎత్తులో వచ్చేదాన్ని అది 60 కిలోమీటర్ల దగ్గరికి చేరేదాకా చూడలేదు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వచ్చే జెట్‌కు ఆ 60 కిలోమీటర్లు నాలుగున్నర నిమిషాల దూరం. పైలట్లు ఈ విద్య నేర్చుకునేది అందుకే. వినేవారికి ముందస్తు సూచన అందకపోవడానికి కూడా ఆ వేగమే కారణం: 2 కిలోమీటర్ల దూరంలో బయలుదేరిన శబ్దం మనల్ని చేరడానికి 6 సెకన్లు పడితే, విమానమే 9 సెకన్లలో వచ్చేస్తుంది. నడుమ కొండ ఉంటే ఆ మూడు సెకన్లు కూడా దక్కవు.

ప్రశ్న: మాకు నాలుగు పాడి ఆవులు, రేకుల షెడ్డులో కోళ్లు ఉన్నాయి. జెట్ వెళ్లిన పూట ఆవు పాలు చేపడం లేదు. కోళ్లు ఒక మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి పడి కొన్ని చనిపోయాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, సబ్బవరం మండలం

సమాధానం: ఆవు బెదిరినప్పుడు దాని ఒంట్లో ఎడ్రినలిన్ విడుదలై, పాలు చేపడానికి కావలసిన ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అడ్డుకుంటుంది. పాలు పొదుగులోనే ఉంటాయి, కిందికి దిగవు. కాసేపు ఆగి, దానికి అలవాటైన మనిషే పొదుగు కడిగి మళ్లీ కూర్చుంటే చాలావరకు చేపుతుంది. ఈ సమయంలో కొట్టడం, దూడను లాగేయడం, ఆక్సిటోసిన్ ఇంజక్షన్ వేయడం ఎంతమాత్రం చేయవద్దు. పశువులు విమానాల చప్పుడుకు కొన్నాళ్లలో అలవాటు పడతాయి. కొత్తగా కొన్నవి, చూడి పశువులు ఎక్కువ బెదురుతాయి కనుక వాటిని ముళ్లకంచె పక్కన కట్టకండి.

కోళ్ల సంగతి వేరు. వాటిని చంపేది శబ్దం కాదు, మూలలో కుప్పపడి ఊపిరాడకపోవడం. షెడ్డు మూలలను వలతో గాని రేకుతో గాని గుండ్రంగా మూసి, మందను చిన్న గదులుగా విభజించి, రాత్రి సన్నని దీపం ఉంచండి. చిన్ననాటి నుంచి షెడ్డులో రేడియో మోగించడం చాలామంది పెంపకందారులు పాటించే పద్ధతి, దానివల్ల కోళ్లకు నిశ్శబ్దం మధ్యలో చప్పుడు పడినట్టు ఉండదు. చచ్చిన కోళ్లను మాత్రం ఆరుబయట పారేయకండి. గద్దలు, కాకులు చేరితే అవి విమానాల ఇంజన్లలో పడే ప్రమాదం ఉంది; విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల చెత్తను, జంతు వ్యర్థాలను అలా వేయడాన్ని 1937 నాటి విమాన నియమాలు కూడా నిషేధించాయి. పూడ్చిపెట్టే ముందు పశువైద్యాధికారి చేత పరిశీలన చేయించి, రాతపూర్వకంగా ధ్రువీకరణ తీసుకోండి. తేదీ, సమయం, చనిపోయిన వాటి సంఖ్య, ఫొటోలు లేకుండా ఏ కార్యాలయంలోనూ మీ నష్టం నష్టంగా నిలవదు.

ప్రశ్న: పొలంలో మందు పిచికారీకి డ్రోన్ వాడుతున్నాం. జెట్లు తిరిగే చోట వాడవచ్చా?
– ఒక యువ రైతు

సమాధానం: 2021 డ్రోన్ నియమాల ప్రకారం ముందుగా డ్రోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో మీ పొలం ఏ రంగు మండలంలో ఉందో చూడండి. విమానాశ్రయం చుట్టూ 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉన్న ఆకుపచ్చ మండలంలో 200 అడుగుల వరకే ఎగరేయవచ్చు. ఎరుపు, పసుపు మండలాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పైనుంచి వచ్చే పైలట్‌కు మీ డ్రోన్ కనిపించదు కనుక ఇందులో మినహాయింపులు వెతకవద్దు.

ప్రశ్న: నేను గ్రామీణ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. విమానాల చప్పుడు పిల్లల చదువు మీద ప్రభావం చూపుతుందా? ఒకసారి కిటికీలు అదిరేలా పేలుడు లాంటి శబ్దం వచ్చింది, ఆకాశంలో విమానం మాత్రం కనిపించలేదు.
– ఒక ఉపాధ్యాయుడు

సమాధానం: రెండో విషయం ముందు. విమానం ధ్వని వేగాన్ని, అంటే గంటకు సుమారు 1,200 కిలోమీటర్లను దాటినప్పుడు ఏర్పడే ఆఘాత తరంగం నేలను తాకితే పేలుడులా వినిపిస్తుంది. 2020 మే 20న బెంగళూరు అంతటా ఇలాంటి శబ్దమే వినిపించింది. అది నగరం వెలుపల వాయుసేన చేసిన పరీక్షా ప్రయాణం వల్ల వచ్చిందని, అప్పుడు విమానం 36,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో ఉండి ఉండవచ్చని రక్షణ శాఖ ప్రకటించింది. కనుక పేలుడు వినిపించి విమానం కనిపించకపోవడం అసాధ్యమేమీ కాదు. అయితే మీ ప్రాంతంలో క్వారీ పేలుళ్లు కూడా ఉంటాయి, సమయాన్ని రాసిపెట్టుకుని రెవెన్యూ సిబ్బందిని అడిగితేనే ఏది ఏదో తేలుతుంది.

చదువు విషయంలో గట్టి ఆధారం మ్యూనిక్ నుంచి వచ్చింది. 1992లో అక్కడి విమానాశ్రయాన్ని పాత చోటు నుంచి కొత్త చోటికి మార్చినప్పుడు, రెండు చోట్లా పిల్లలను పరిశోధకులు పరీక్షించారు. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లలకు చదవడంలో, జ్ఞాపకశక్తిలో వెనుకబాటు కనిపించింది. పాతది మూతపడిన చోట పిల్లలు ఆ వెనుకబాటు నుంచి కోలుకున్నారు. అది రోజంతా ఆగకుండా సాగే పౌర విమానాల రొద. వారంలో కొన్ని పూటలు వెళ్లే జెట్లకు దాన్ని యథాతథంగా అన్వయించడం న్యాయం కాదు. చప్పుడు పడగానే పాఠం ఆపి, అది పోయాక చివరి వాక్యాన్ని మళ్లీ చెప్పండి. పరీక్షల తేదీలను మాత్రం ముందుగానే కలెక్టరు ద్వారా నౌకాదళానికి తెలియజేయండి, అది మీ హక్కుగా భావించండి.

ప్రశ్న: పౌర విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి వెళ్లిపోతే ఈ చప్పుడు తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

సమాధానం: ప్రయాణికుల విమానాల చప్పుడు తగ్గుతుంది. డేగా మాత్రం నౌకాదళ స్థావరంగా ఇక్కడే ఉంటుంది, కాబట్టి జెట్ల విషయంలో ఆ మార్పు మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: జెట్ల మీద ఫిర్యాదు చేద్దామంటే, దేశ రక్షణకు అడ్డుపడతారా అని మా ఊళ్లోనే కొందరు కోప్పడుతున్నారు. అసలు ఎవరికి, ఏమని చెప్పుకోవాలి?
– ఒక వార్డు సభ్యురాలు

సమాధానం: 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన ఊరు విశాఖ. 1971 డిసెంబరులో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరంలోనే. నౌకాదళం విలువ ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. తమ బిడ్డ ఎప్పుడు ఉలిక్కిపడబోతోందో ముందుగా చెప్పమని అడగడం దేశభక్తికి లోటు అనే మాటను నేను ఒప్పుకోను.

ఏమని అడగాలన్నదే అసలు విషయం. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి అని చాలామంది అర్జీలో రాస్తారు. ఆ అంకెలు కొంత సమయం మీద తీసిన సగటులు. కొన్ని సెకన్ల జెట్ చప్పుడు ఆ సగటులో కరిగిపోతుంది, మీ అర్జీ కూడా దానితోపాటే కరిగిపోతుంది. జెట్ వల్ల కలిగే బాధ సగటులో లేదు, అకస్మాత్తుగా రావడంలో ఉంది. విమానాలు ఆపమని అడిగితే దొరికేది ఏమీ ఉండదు. ఎప్పుడు వస్తాయో ముందుగా చెప్పమని, ఆసుపత్రులు, పాఠశాలలు, కోళ్ల ఫారాలు ఉన్న చోట్లను వీలైనంత తప్పించమని అడిగితే సమాధానం చెప్పక తప్పని ప్రశ్న అవుతుంది.

ఇది కొత్త కోరిక కాదు. బ్రిటన్‌లో యుద్ధ విమానాలు సాధారణంగా 250 అడుగుల దాకా, మూడు నిర్దేశిత ప్రాంతాల్లో 100 అడుగుల దాకా దిగి శిక్షణ పొందుతాయి. ఆ మూడు ప్రాంతాల కాలపట్టికను అక్కడి రక్షణ శాఖ ముందుగా ప్రచురిస్తుంది. జర్మనీ 1990లో కనీస ఎత్తును 300 మీటర్లకు పెంచింది. కెనడాలోని లాబ్రడార్‌లో నాటో జెట్లు తమ వేట భూముల మీద తక్కువ ఎత్తులో ఎగరడాన్ని నిరసిస్తూ అక్కడి ఆదివాసులైన ఇన్నూ ప్రజలు 1988లో రన్‌వే మీదికే నడిచి వెళ్లి అరెస్టయ్యారు. ముందుగా మాట్లాడే దారి ఉంటే అంతదాకా రావలసిన అవసరం వారికి ఉండేది కాదు. అంత దూరం పోనక్కరలేదు, మన తీరంలోనే ఉదాహరణ ఉంది. సముద్రంలో కాల్పుల విన్యాసాలు జరిగేటప్పుడు ఫలానా తేదీల్లో ఫలానా చోటికి వేటకు వెళ్లవద్దని మత్స్యకారులకు హెచ్చరిక అందుతుంది. జాలరిపేటకు చెప్పగలిగిన మాట, రహస్యాలేవీ బయటపడకుండా, మెట్ట పల్లెలకు కూడా చెప్పవచ్చు.

పద్ధతి ఇది. రెండు మూడు వారాల పాటు తేదీ, సమయం, వచ్చిన దిక్కు, జరిగిన ఇబ్బంది ఒక పుస్తకంలో రాయించండి. విమానం ఫొటోలు, వీడియోలు తీసి బయట పెట్టవద్దు, వాటితో మీ వాదనకు బలం రాదు, చిక్కులు మాత్రం వస్తాయి. ఆ వివరాలతో గ్రామసభలో తీర్మానం చేసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ప్రతిని తూర్పు నౌకాదళ కమాండ్‌కు పంపి, రక్షణ శాఖ పేరున కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. సమాచార హక్కు చట్టం కింద విమానాల మార్గాలు అడిగితే దేశ భద్రతకు సంబంధించిన 8(1)(ఎ) సెక్షన్ చూపి నిరాకరించే అవకాశం ఎక్కువ. మీ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేవీ డే (డిసెంబరు 4) గాని పెద్ద విన్యాసాలు గాని విశాఖలో జరిగే ఏడాది రిహార్సల్స్ వల్ల చప్పుడు పెరుగుతుంది కనుక, తీర్మానం నకలు నవంబరు మొదటి వారానికల్లా రెండు కార్యాలయాలకూ చేరేలా చూసుకోండి.