స్టీరియోలు బిగిస్తున్న అబ్బాయిని ఇంటర్లో చేర్చాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. పది పాసయ్యాడు, ఇంటర్ మధ్యలో మానేశాడు. విజయవాడలో మా బావమరిది కార్ డెకార్స్ షాపులో పాత కార్లకు టచ్ స్క్రీన్ స్టీరియోలు బిగిస్తున్నాడు. ఫోన్ కలిపితే మ్యాపులు, పాటలు, కాల్స్ అన్నీ అందులోనే వస్తాయట. ఈ పనికి భవిష్యత్తు ఉందా? బలవంతంగానైనా మళ్లీ ఇంటర్లో చేర్చమంటారా?
- ఒక తండ్రి, రేపల్లె

జవాబు: బలవంతం వద్దండీ. అలాగని పూర్తిగా షాపుకే వదిలేయకండి.

ముందు మీవాడు ఏ రకం పని చేస్తున్నాడో ఒకరోజు వెళ్లి పక్కన నిలబడి చూడండి. కప్లర్‌కు (వైర్ల గుత్తిని కలిపే ప్లగ్గుకు) కప్లర్ తగిలించి ఫ్రేమ్ నొక్కేయడం ఎవరికైనా త్వరగానే వస్తుంది. సరిపడే కప్లర్ దొరకని బండి వచ్చినప్పుడే పనితనం బయటపడుతుంది. బయట కొనే స్టీరియోల్లో సాధారణంగా పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు, నలుపు ఎర్తుకు ఇవ్వాలి. కారు వైపు రంగులు మాత్రం కంపెనీకో తీరు. మీవాడు రంగు చూసి కలిపేస్తున్నాడా, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి, తాళం తీసేసినా 12 వోల్టులు చూపించే వైరేదో తేల్చుకుని కలుపుతున్నాడా? పసుపు, ఎరుపు రెండూ తాళం లైనుకే ఇస్తే బండి ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. రెండూ బ్యాటరీకి ఇస్తే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్ అయినా ఆశ్చర్యం లేదు. కాల్స్ కోసం పెట్టే మైకు వైరునూ గమనించండి. ముందు అద్దం పక్క పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దానికి అడ్డంగా వైరు లాగకూడదు. ఎందుకో అడగండి. తడుముకోకుండా చెప్పాడంటే వాడికి చదువు అబ్బలేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ఇక భవిష్యత్తు. ఫోన్‌లోని మ్యాపులు, పాటలను కారు స్క్రీన్ మీదకు తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఇప్పుడు చాలా కొత్త కార్లలో కంపెనీ నుంచే వస్తున్నాయి. కాబట్టి స్టీరియో మార్చే గిరాకీ ఎక్కువగా పాత బండ్లకు, బేస్ మోడళ్లకే మిగులుతుంది. పైగా చాలా కొత్త కార్లలో స్టీరింగ్ మీది బటన్ల సమాచారం క్యాన్ బస్ అనే డేటా లైను మీద వెళ్తుంది. వైరులో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంప్‌తో వెతికితే అది దొరకదు సరికదా, తెలియక గుచ్చితే ఖరీదైన మాడ్యూల్ పోవచ్చు. అక్కడ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడే నిలబడతాడు.

అందుకే నా ఓటు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్‌కు. రెండేళ్ల కోర్సు, పది పాసైతే చాలు. తర్వాత అప్రెంటిస్‌షిప్ చేస్తే స్టైపెండ్ వస్తుంది, డీలర్ల సర్వీస్ సెంటర్లలోనూ ప్రయత్నించవచ్చు. పాలిసెట్ రాసి మూడేళ్ల ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) డిప్లొమాలో చేరితే, ఆపైన ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లే దారి ఉంది. అయితే ఇంటర్ మానేయడానికి లెక్కలే కారణమైతే డిప్లొమా మొదటి ఏడాదిలోనూ అదే టెన్షన్. ఆ సంగతి కోప్పడకుండా అడిగి తెలుసుకోండి.

షాపు మాన్పించొద్దు. ఆదివారాలు, సెలవుల్లో వెళ్లనివ్వండి. మేనమామ షాపే కదా అని ఊరికే చేయించుకోకుండా బండికి ఇంత అని ఇమ్మని మీ బావమరిదికి మొహమాటం లేకుండా చెప్పండి. వచ్చిన డబ్బుతో ముందు సొంతంగా ఒక మంచి మల్టీమీటర్ కొనుక్కోమనండి.